బూర్గుదొడ్డి కింద నీళ్ళు

ఆ రోజుల్లో ఇల్లు కట్టాలన్నా, మామిడి మొక్క నాటాలన్నా, చివరికి సంబంధం కలుపుకోవాలన్నా ముందు నేలకు సూది గుచ్చి చూసేవాళ్ళు. పిల్ల జాతకం తర్వాత, వాళ్ళ పెరటి నీళ్ళ జాతకం ముందు! అది 2081వ సంవత్సరం. వెనకటికి ఊరూరా ట్రాక్టర్లు ఉన్నట్టు, అప్పుడు ప్రతి మండలానికీ ఒక నేలసూది బండి ఉండేది. అది పని చేస్తుంటే చూడటానికి పెద్ద విడ్డూరమేమీ ఉండదు. బోరు బండిలా గిరగిరా తిరిగి ఊరి మీద దుమ్మెత్తిపోయదు. ఉక్కు కడ్డీని నిటారుగా నిలబెట్టి, బరువంతా వేసి నేలలోకి నెట్టేస్తుంది. ఒకటి దిగాక దాని తలకు ఇంకోటి బిగించి మళ్ళీ నెడుతుంది. దీన్నే మన తాతల కాలంలో డైరెక్ట్ పుష్ అనేవాళ్ళు. ఏ పొరలో మట్టి ఎలా ఉందో చెదరకుండా అలాగే గొట్టంలోకి వచ్చేస్తుంది, నీళ్ళూ అంతే. కాకపోతే పాత బండ్లకు ఒక జబ్బుండేది. రాయి తగిలిందంటే చాలు, మొరాయించేవి.

డాక్టర్ కువలయ చేసిన కొత్త సూదికి ఆ జబ్బు లేదు. దాని మొన చెవికి వినపడనంత వేగంగా వణుకుతుంది, ఆ వణుకుకు రాయి కూడా పొడిపొడిగా రాలి దారిస్తుంది. అంతకన్నా గొప్పవి మొనలోని సెన్సర్లు. అడుగడుగునా ఒక్కో చుక్క పీల్చి, అందులో ఏమేం కలిసిందో, అది నేలలోకి దిగి ఎన్నేళ్ళయిందో, ఏ దిక్కునుంచి నడిచివచ్చిందో చెప్పేస్తాయి. నీటి వయసుకు ఆమె 'జలాయువు' అనీ, నడిచివచ్చిన దారికి 'జలజాడ' అనీ పేర్లు పెట్టింది. యంత్రానికేమో పాతాళి అని పేరు పెట్టి మాటలు నేర్పింది. మాటలతో పాటు కాస్త పెంకితనం కూడా అబ్బింది. అది ఎవరి పోలికో కువలయ వాళ్ళమ్మనడిగితే చెప్పేది.

పాతాళికి మొదటి పరీక్ష బూర్గుదొడ్డిలో పడింది. సరదా పరీక్షేమీ కాదు. ముప్పై ఏళ్ళ కిందట ఆ ఊరి పక్కన రంగుల ఫ్యాక్టరీ ఒకటుండేది. నీళ్ళన్నీ పాడుచేసి, మూతబడి, గోడలతో సహా మాయమైంది. బోర్లలో మాత్రం చేదు అలాగే ఉండిపోయింది. ఉండటమేమిటి, ఏటేటా పెరుగుతోంది. జలమండలి వాళ్ళు విసిగిపోయి ఒక మాట తేల్చారు. కింది పొరల దాకా విషమే అయితే ఈ ఎండాకాలంలోనే ఊరు ఖాళీ చేయించాలి. అవునో కాదో చెప్పాల్సింది కువలయ.

సర్పంచ్ సాన్వమ్మ బండికి ఎదురొచ్చింది. అరవై దాటిన మనిషి. ఆ కాలపు ముసలమ్మల పేర్లన్నీ అలాగే ఉండేవి లెండి, సాన్వమ్మ, ఆద్యమ్మ, హన్వికమ్మ అని.

"మేడం, ఒక్క మాట," అంది సాన్వమ్మ. "మా గొడ్డూ గోదా, చెట్టూ చేమా అన్నీ ఈడనే. లేసి పొమ్మంటే యాడికి పోతం? నీ మిషన్‌కు జర చెప్పు, మంచిగ చూడుమని."

"అది ఎవరి మాటా వినదు సర్పంచమ్మా. ఉన్నదే చెబుతుంది," అంది కువలయ. అనేశాక, మాట కటువుగా పడిందేమోనని నొచ్చుకుంది.

మొదటి కడ్డీని ఫ్యాక్టరీ ఉండిన బీడులోనే దింపారు. ఊరంతా చుట్టూ మూగింది. పాతాళి కాసేపు గుర్రుగుర్రుమని నోరు విప్పింది.

"పై పొర శుభ్రం. నడిమి పొర శుభ్రం. రంగుల విషం ఒకప్పుడు ఉండేదన్న ఆనవాళ్ళు ఉన్నాయి గానీ, విషం లేదు. మట్టిలోని సూక్ష్మజీవులు ఎప్పుడో తినేశాయి."

"సరిగ్గా చూశావా?" అంది కువలయ.

"సరిగ్గా చూడకపోతే నన్నెందుకు చేసినట్టు?"

కువలయ ఊరి వైపు జరుగుతూ ఇంకో చోట గుచ్చింది, ఇంకో చోట గుచ్చింది. ఇళ్ళ దగ్గరికి వచ్చేకొద్దీ పై పొరలో విషం ఎక్కువవుతోంది. అదీ రంగుల విషం కాదు, వేరేదేదో. రాతి పొర కిందికి దిగితే మాత్రం తాతల నాటి వాన నీళ్ళు, తేటగా, తియ్యగా ఉన్నాయి. ఆఖరికి సాన్వమ్మ ఇంటి పెరట్లో, ఇంకుడు గుంత పక్కన కడ్డీ దింపేసరికి పాతాళి గొంతు ఖంగుమంది.

"ఇక్కడే! నేరుగా పైనుంచే దిగుతోంది. పొద్దున కూడా దిగింది."

కువలయ గుంత వైపు చూసింది. గుంతలోకి ఒక సన్నటి గొట్టం వస్తోంది. దాని వెంటే వెళితే వంటింట్లో నీళ్ళ తేటయంత్రం దగ్గర తేలింది. ఫ్యాక్టరీ నాటి నుంచి ఆ ఊళ్ళో అది లేని ఇల్లు లేదు. బోరు నీళ్ళను జల్లెడ పట్టి తాగే నీళ్ళు వేరుచేస్తుంది. ఆ జల్లెడ మడ్డి పట్టి పూడిపోకుండా దాన్ని ఒక తెల్లటి మందుతో కడుగుతారు. ఆ మందు చిటికెడు తీసి పాతాళికి చూపించింది.

"ఇదే," అంది పాతాళి.

"సర్పంచమ్మా, ఈ మందు ఎంత వేస్తారు?" అని అడిగింది కువలయ మెల్లగా.

"నెలకొక్క చెంచ ఎయ్యిమన్నరు గని, నీళ్ళు గింత చేదుంటె ఒక్క చెంచతోని ఏమైతది? నేను దినాం ఏస్త. పిల్లలు పుట్టినంక రెండు చెంచలు చేసిన. మనుమడు పుట్టినంక మూడు."

"కడిగిన నీళ్ళు?"

"గుంతల పోస్తం. చుక్క నీళ్ళు ఒర్రెల, వాగుల పోనియ్యం. మా ఊరి ఇంకుడు గుంతలకు జిల్లాల బహుమానం గూడ వచ్చింది," అంది సాన్వమ్మ, ఆ బాధలోనూ కాస్త గర్వంగా.

ఊరు వదలాలని చెప్పడానికి కువలయ మనసు రాయి చేసుకుని వచ్చింది గానీ, ఇలాంటి మాట చెప్పాల్సి వస్తుందని అనుకోలేదు. చెప్పక తప్పదు కనక చెప్పింది. ఫ్యాక్టరీ విషాన్ని నేల ఎప్పుడో అరిగించుకుంది. ఆ తర్వాతి చేదంతా ఈ మందుదే. చేదు పెరిగిందని మందు పెంచారు, మందు పెరిగిందని చేదు పెరిగింది.

సాన్వమ్మ గడప మీద కూలబడింది. "అంటే, మా పొలగాండ్లకు మా చేతులతోని మేమే పోసినమా?"

"లేదమ్మా, తాగే నీళ్ళలోకి రాకుండా మీ యంత్రం ఆపుతూనే వచ్చింది. నేలకు పోశారు, పిల్లలకు కాదు," అని కువలయ పక్కనే కూర్చుని చెయ్యి పట్టుకుంది. పిల్లల మీద ప్రేమతో ముప్పై ఏళ్ళు చేసిన పని ఇలా ఎదురుతిరిగితే ఏ తల్లికి మాత్రం గుండె చెరువు కాదు?

బయట మాట పాకిపోయింది. ఊళ్ళో అందరికన్నా పెద్దాయన రిషాంక్ తాత కర్ర నేలకేసి కొట్టాడు. "అంత అబద్ధం! ఫ్యాక్టరోళ్ళు గాకుంటె ఇంకెవ్వరు? మాకు మేమే విషం పెట్టుకుంటమా, పిచ్చోళ్ళమా?" అని అరిచాడు. పాపం, అతని కోపమూ న్యాయమైనదే. ఇన్నేళ్ళూ పొద్దున లేస్తే తిట్టుకోవడానికి ఒక ఫ్యాక్టరీ ఉండేది. ఇప్పుడు దాన్నీ లాగేసుకుంటే ఎవర్ని తిట్టుకోవాలి?

కువలయ అరుగెక్కి నిలబడింది. "ఊరు ఖాళీ చెయ్యక్కర్లేదు. రాతి కింద మంచి నీళ్ళున్నాయి, అవి తోడుకుందాం. కానీ ఈ యంత్రాలూ మందూ ఇవాళే ఆపాలి. ఆపకపోతే ఆ విషం కిందికి కూడా దిగుతుంది. అప్పుడు మాత్రం ఊరు వదలాల్సిందే."

ఆపుతామని ఒక్కరూ అనలేదు. ఇంతలో పాతాళి రాతి కింది నీళ్ళను గొట్టంలో పైకి తెచ్చి, గ్లాసులో నింపి పెట్టింది. ముత్యంలా మెరుస్తున్నాయి నీళ్ళు. అయినా ఒక్క చెయ్యీ ముందుకు రాలేదు.

"డాక్టరమ్మా, ముందుగాల నువ్వు తాగు. నువ్వు తాగినంక మా మిషన్లు బందు పెడ్తం," అన్నాడు రిషాంక్ తాత.

అడిగినదాంట్లో తప్పేముంది? కువలయ గ్లాసు అందుకుంది. పెదవి దాకా తెచ్చింది. అక్కడ చెయ్యి ఆగిపోయింది.

"పాతాళీ, ఇంకోసారి చూడు."

"చూశాను. శుభ్రం."

"మందు ఆనవాలు?"

"లేదు."

"ఇంకొక్కసారి, రాతి పగుళ్ళ లోంచి ఏమైనా..."

"నువ్వు చూడమంటే రాత్రి దాకా చూస్తూనే ఉంటాను డాక్టర్. నీళ్ళు మాత్రం మారవు."

కువలయ ముఖం కందిపోయింది. ఊరంతా తననే చూస్తోంది. ఆ యంత్రంలో ప్రతి మరా తన చేత్తో బిగించినదే. అది అబద్ధం చెప్పదని ప్రపంచంలో అందరికన్నా బాగా తెలిసిన మనిషి తనే. అయినా గ్లాసును పెదవి నుంచి కిందికి దించింది.

సాన్వమ్మ గడప మీంచి లేచి వచ్చింది. గ్లాసు పట్టుకున్న చేతిని చూసి, కువలయ కళ్ళలోకి చూసి, చీర కొంగుతో కళ్ళు తుడుచుకుంటూనే నవ్వింది.

"మాకు గూడ గిట్లనే అయింది బిడ్డా," అంది. మేడం అనడం మానేసి బిడ్డా అంది. గ్లాసు అందుకుని సగం దాకా గటగటా తాగేసింది. "చేదు లేదు," అని జనానికి చెప్పింది. తర్వాత గ్లాసు కువలయ చేతికిచ్చి వంటింట్లోకి పోయింది. తేటయంత్రం గొట్టం పీకేసిన చప్పుడు బయటికి వినపడింది. వెనకే ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు వాళ్ళ ఇళ్ళ వైపు నడిచారు. రిషాంక్ తాత ఏదో గొణుక్కుంటూ ఆఖరికి తనూ కదిలాడు.

"నివేదిక పంపాలి డాక్టర్," అంది పాతాళి. "ఊరు ఉండవచ్చు అని పెట్టాను. కాలుష్యానికి కారణం ఏమని పెట్టాలి? ఫ్యాక్టరీయా?"

"కాదు."

"మందా?"

"మందు కాదు. భయం అని పెట్టు."

"ఎవరి భయం? ఈ ఊరివాళ్ళదా?" అని అడిగింది పాతాళి.

కువలయ గ్లాసులో మిగిలిన సగం నీళ్ళ వైపు చూసింది. "మనుషులదని పెట్టు. నాతో సహా," అంది. ఆ మాట పైకి అన్నాక గానీ ఆమె ఆ నీళ్ళు తాగలేకపోయింది.