వికారం ఎవరికి

ఓడ రేవు విడిచిన రెండో రోజు, సాయంత్రం నాలుగు గంటల ఇరవై నిమిషాలు. గాలి నైరుతి నుంచి బలంగా వీస్తోంది. అలల ఎత్తు రెండున్నర మీటర్లు. సన్నని వాన. పదకొండు వందల మంది ప్రయాణికుల్లో సగానికి సగం అప్పటికే మంచం పట్టారు. మూడో డెక్ మీద, ఓడ ముక్కుకు దగ్గరగా, కిటికీ లేని పేస్ట్రీ గదిలో ఒక అమ్మాయి మాత్రం నిలబడి, చక్కెర ముద్దతో చేసిన గులాబీకి పదిహేడో రేకు అతికిస్తోంది.

ఆమెను వంటవాళ్లంతా పంచదార అని పిలిచేవారు. ఆ పేరు పనిని బట్టి వచ్చిందే కాని స్వభావాన్ని బట్టి కాదు. ఆ రెండు రోజుల్లో ఆమెకు ఆరుసార్లు వాంతి అయింది. అయిన ప్రతిసారీ మోచేతుల దాకా కడుక్కుని, ఏప్రన్ మార్చుకుని, మళ్లీ బల్ల దగ్గరికి వచ్చేది. కొత్తగా చేరిన వంటవాళ్లకు ఆ ఓడలో అయిదు రోజుల గడువు ఉండేది. ఆలోగా సముద్రం ఒంటికి పడకపోతే తరువాతి రేవులో దింపేసేవారు. వైద్య గది నుంచి ఒక ఫారం వచ్చేది. అందులో ఏముంటే అదే జరిగేది.

ఈ ఉద్యోగం కోసం ఆమె మూడేళ్లు ఎదురుచూసింది. సిటీ బస్సు నాలుగు స్టాపులు దాటకముందే కిటికీలోంచి తల బయటపెట్టే దానికి ఓడేమిటని ఇంట్లో అన్నయ్య కడుపుబ్బ నవ్వాడు. చక్కెర పని మీద ఇష్టం ఆమెను సగం దూరం తీసుకొస్తే, ఆ నవ్వు మీది కోపం మిగతా సగం తీసుకొచ్చింది.

గులాబీ పూర్తయ్యేసరికి గుమ్మంలో అలికిడి అయింది. ఫారం పట్టుకుని వైద్య గది నర్సు నిలబడి ఉన్నాడు. ఓడ బయలుదేరిన గంటకు ప్రయాణికులందరినీ హాలులో కూర్చోబెట్టి, కడుపు తిరగకుండా ఏం చేయాలో పావుగంట చెప్పడం అతని పని. ప్రతి రెండో వాక్యంలోనూ "దిగంతం వైపు చూడండి" అంటాడు కనుక సిబ్బంది అతనికి దిగంతం అనే పేరు ఖాయం చేశారు. పంచదార అతన్ని దగ్గరగా చూడటం అదే మొదలు. మనిషి చూడచక్కగా ఉన్నాడు. అందువల్లే కాబోలు, ఎన్నడూ ఎవరినీ అడగని ప్రశ్న అతన్ని అడిగింది.

"ఎలా ఉంది?" అంది గులాబీని చూపిస్తూ.

"వికారంగా ఉంది" అన్నాడతను. ఫారం బల్ల మీద పడేసి, గిరుక్కున తిరిగి వెళ్లిపోయాడు.

ఆ రాత్రి ఆమెకు నిద్ర పట్టలేదు. అందుకు సముద్రం కారణం కాదు. మర్నాడు పొద్దున్నే వైద్య గది ముందు అతన్ని నిలదీసింది.

"నిన్న మీరన్న మాట నేను మరిచిపోలేదు."

అతను అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "దయచేసి ఎవరితోనూ అనకండి. నా ఉద్యోగం పోతుంది."

"ఒక్క మాటకే పోతుందా?"

"ఈ ఓడలో, నేను చేసే పనికి, ఆ ఒక్క మాట చాలండీ."

"అయితే ముందే ఆపుకోవాల్సింది."

"ఆపుకుంటే ఆగేది కాదు. దానంతట అదే వచ్చేస్తుంది."

"తరచూ వస్తుందా?"

"గాలి మారినప్పుడల్లా."

గాలి మారినప్పుడల్లా ఎదుటివాళ్ల పనిని తిట్టిపోసే మనిషిని ఆమె అంతకుముందు ఎక్కడా చూడలేదు. ఇక మీదట తనతో మాట్లాడవద్దని, చెప్పాల్సింది ఏదైనా ఉంటే కాగితం మీద రాసి పంపమని చెప్పి వచ్చేసింది. తన గుట్టు ఆమెకు తెలిసిపోయిందనే అతను అనుకున్నాడు. ఆమె అడిగినట్టే చేయడం తప్ప అతనికి దారి లేకపోయింది.

కాగితాలు రావడం మొదలైంది. చెవి లోపలి భాగం ఓడ ఊగుతోందని చెబుతుందని, గోడలను చూస్తున్న కన్ను ఏమీ కదలడం లేదంటుందని, ఆ రెంటి తగువులో కడుపు నలిగిపోతుందని మొదటి కాగితంలో ఉంది. ఖాళీ కడుపుతో ఉండవద్దని, గంటకోసారి రెండు ఎండు బిస్కెట్లు తినమని రెండోది. మాత్ర ఓడ ఊగకముందే వేసుకోవాలని, ఊగాక వేసుకుంటే నిద్ర తప్ప ఏమీ రాదని మూడోది. వెన్న కాగే చోటికి దూరంగా ఉండమని నాలుగోది. వెన్న లేకుండా కేకు ఎలా చేయాలో మీరే చేసి చూపించమని ఆమె దాని వెనకే రాసి పంపింది. అయినా బిస్కెట్లు తింది. కొంత తెరిపిగానే అనిపించింది. ఆ సంగతి మాత్రం రాయలేదు.

అయిదో కాగితంలో ఎప్పటిలాగే దిగంతం వైపు చూడమని ఉంది. కిటికీ లేని గదిలోకి దిగంతాన్ని ఎక్కడి నుంచి తేవాలని ఆమె అడిగింది. ఒక పూటంతా జవాబు రాలేదు. ఈలోగా ఆమే ఆలోచించింది. గాజు జగ్గులో సగం దాకా నీళ్లు పోసి, ఎర్ర రంగు కలిపి, కళ్లకు ఎదురుగా అలమరలో బిగించింది. గది ఎటు ఒరిగినా నీటి మట్టం ఒరగకుండా నిలిచేది. చెవి చెబుతున్నది అబద్ధం కాదని కన్ను ఒప్పుకునేది. నాలుగో రోజు వాంతులు రెండుకు తగ్గాయి.

జవాబు తెలియలేదని ఒప్పుకోవడానికి వచ్చిన నర్సు గుమ్మంలోనే ఆగిపోయి, ఆ జగ్గు కేసి రెప్ప వాల్చకుండా అయిదు నిమిషాలు చూశాడు. జగ్గు ఆమె భుజానికి పైన ఉండటం వల్ల అతను తననే చూస్తున్నాడని ఆమె అనుకుంది. వంటవాళ్లూ అదే అనుకున్నారు. మర్నాడు అతను మూడుసార్లు వచ్చాడు. మూడోసారి అతని కళ్లు జగ్గు మీద లేవు. ఆమెకు ఆ తేడా తెలియలేదు గాని, కోపం నిలబెట్టుకోవడం కొంచెం కష్టంగా ఉందని మాత్రం గమనించింది.

ఆరో రోజు ఉదయం పదిన్నరకు సముద్రం మళ్లీ రేగింది. పెద్ద చెఫ్ పేస్ట్రీ గదికి వచ్చాడు. ఫారంతో నర్సు వెంట ఉన్నాడు. ఆ సాయంత్రం ఒక వృద్ధ దంపతుల యాభయ్యో పెళ్లిరోజు. వాళ్ల కోసం చేసిన మూడంతస్తుల కేకుకు ఆమె చివరి తీగ గీస్తోంది. వాంతి ఎన్నిసార్లు అయిందని చెఫ్ అడిగాడు. పదకొండు అని నర్సు చదివాడు. అయితే రేపు రేవులో దిగాలన్నాడు చెఫ్.

సరిగ్గా అప్పుడే ఓడ ఒక పెద్ద అల ఎక్కి దిగింది. పంచదార ఎడమ చేత్తో కేకు పళ్లేన్ని ఒడిసి పట్టుకుంది.

"వికారంగా ఉంది" అన్నాడు నర్సు.

ఆమె చివాలున తల తిప్పింది. అతని కళ్లు మూసుకుని ఉన్నాయి. ముఖం పిండిలా పాలిపోయింది. నుదుటి నిండా చెమట. నాలుగు రోజులుగా తాను మోస్తున్న మాటకు అసలు అర్థం ఆమెకు ఒక్క లిప్తలో బోధపడింది. కుడి చేత్తో స్టీలు గిన్నె లాగి అతని గడ్డం కింద పెట్టింది. ఎడమ చెయ్యి కేకును వదల్లేదు.

అతను తేరుకున్నాక అడిగింది: "ఎవరికి వికారం?"

"నాకు."

"ఆ రోజు?"

"ఆ రోజూ నాకే. ఇంకెవరికి?"

"మరి నా గులాబీ?"

"గులాబీయా? నేనసలు దాన్ని చూడనే లేదండీ."

అది విన్నాక ఆమెకు మొదటిసారి కంటే ఎక్కువ కోపం వచ్చింది.

ఊరందరికీ పాఠాలు చెప్పే నీకే పడదా అని చెఫ్ నర్సును దబాయించాడు. నాలుగేళ్లుగా పడదని, ఇన్నాళ్లూ దాచానని, ఫారంలో తన పేరూ రాసుకోవచ్చని అతను నిదానంగా చెప్పాడు. తప్పించుకోవడానికి ఒక్క సాకు కూడా వెతకలేదు. పంచదార గిన్నె పక్కన పెట్టి చెఫ్‌కు ఎదురుగా నిలబడింది.

"నేను దిగను సార్. పదకొండుసార్లు అయిన మాట నిజం. పదకొండుసార్లూ చేతులు కడుక్కుని వచ్చి ఇక్కడే నిలబడ్డాను. అదీ రాయించండి. ఈ కేకులో విరిగిన రేకు ఒక్కటి చూపించండి, మీరు చెప్పక్కర్లేదు, నేనే పెట్టె సర్దుకుంటాను."

చెఫ్ కళ్లజోడు పెట్టుకున్నాడు. కేకు చుట్టూ ఒకసారి తిరిగాడు. వంగి, కింది అంతస్తు నుంచి మళ్లీ మొదలుపెట్టాడు. ఆ తరువాత గోడకున్న ఫోను తీసి వైద్య గది డాక్టరమ్మతో మాట్లాడాడు. నర్సు సంగతి ఆవిడకు మొదటి నెలలోనే తెలుసట. ఆ బాధ ఎరిగినవాడు రోగుల్ని విసుక్కోడని తెలిసే ఉంచుకుందట. ఇక వంట పిల్ల విషయానికొస్తే, ఫారంలో చివరి ప్రశ్న పని చేయగలదా లేదా అన్నది కనుక, దానికి జవాబు చెఫే రాయాలట.

చెఫ్ కలం తీసి, "చేస్తోంది" అని రాసి, సంతకం పెట్టాడు.

"ఆ గిన్నెను మాత్రం మళ్లీ కేకులకు వాడకమ్మాయ్" అని చెప్పి వెళ్లిపోయాడు.

సాయంత్రం ఆరింటికి వాన వెలిసింది. వృద్ధ దంపతులు కేకు కోసి, ముక్కలు అందరికీ పంచారు. పై డెక్ మీద నర్సు ఆమె పక్కన కమ్మీ పట్టుకుని నిలబడి చాలాసేపు గొంతు సవరించుకున్నాడు.

"ఇష్టం" అన్నాడు చివరికి.

"ఎవరికి? ఎవరంటే? మీరు సగం మింగేసిన వాక్యం వల్ల నాకు నాలుగు రోజులు నిద్ర లేదు. మొత్తం చెప్పండి."

"నాకు. మీరంటే. ఇష్టం."

"నాకూ."

"ఎవరంటే? మీదీ సగం వాక్యమే కదండీ."

"నా ఇష్టం" అంది పంచదార.

మర్నాడు ఓడ రేవులో ఆగింది. ఆమె దిగి ఇంటికి ఫోన్ చేసింది. వచ్చేస్తున్నావా అన్నాడు అన్నయ్య. ఓడ నాలుగింటికి కదులుతుందని, తాను మూడింటికల్లా ఎక్కేయాలని చెప్పి, నర్సు సంగతీ దాచకుండా చెప్పింది. అతనికీ సముద్రం పడదని విన్నాక అన్నయ్య ఈసారి కూడా కడుపుబ్బ నవ్వాడు. నవ్వు మధ్యలో అమ్మ ఫోన్ లాక్కుని, ఆ అబ్బాయి వేళకు తింటున్నాడా అని అడిగింది.

తొమ్మిదేళ్ల తరువాత పంచదార, ఆ ఓడకు రెట్టింపు ఉన్న మరో ఓడలో పేస్ట్రీ విభాగం మొత్తానికీ అధికారి అయింది. నర్సు ఒక రేవు ఆసుపత్రిలో ఉద్యోగానికి చేరి, ఆమె ఓడ వచ్చే రోజుల్లో సెలవు పెట్టుకునేవాడు. ఆమెకు సముద్రం అప్పటికీ పడలేదు.