వంకర చెట్టు

పిల్లలూ, మీకొక అక్క ఉండేది, మీ పెదనాన్న కూతురు. ఇన్నాళ్లూ చెప్పలేదు. చెప్పకపోతే మీ జోలికి రాదనుకున్నాం.

మీ పెదనాన్న కంప్యూటర్ ఆటలకి మ్యాపులు గీసేవాడు. ఒకసారి ఉత్తరపు చలిదేశం గీయమన్నారు. కొండా లేదు, గుట్టా లేదు. ఇస్త్రీ చేసినట్టున్న నేల, దానిమీద అడవి, అడవి కింద బురద. అప్పుడు పెదనాన్న ఉంటున్నదీ అలాంటి దేశంలోనే, ఇంటి వెనక అచ్చం అలాంటి అడవే ఉంది. కూతుర్ని వెంటబెట్టుకుని చూసొచ్చాడు. ఎక్కడ కాలు నిలుస్తుందో, ఎక్కడ దిగబడుతుందో చూస్తే తెలీదు. కొమ్మ విరిగి ఒక పక్కకి ఒరిగిన వంకర చెట్టు ఒక్కటే గుర్తు. అక్కడ కుడికి తిరిగితే గట్టి నేల.

ఆ చెట్టున్న ముక్కని ప్రాణం పెట్టి గీశాడు. మిగతా అడవికి ఓపిక చాలలేదు. అదే ముక్కని పక్కపక్కన అతికించుకుంటూ పోయాడు, గోడకి టైల్స్ వేసినట్టు.

మీ అక్క ఆడి చూసి నవ్వింది. "అడవంతా వంకర చెట్లే. ఇదేం దొంగపని నాన్నా?"

"ఎవరు చూడొచ్చార్లే. చెట్టు కనబడితే కుడికి తిరుగు, అంతే."

చలికాలం, సాయంత్రానికే చీకటి. వాళ్ల పెంపుడు కుక్క తాడు తెంచుకుని అడవివైపు పరిగెత్తింది. వెనకే అక్క. కాసేపటికి కుక్క ఒక్కటే తిరిగొచ్చింది.

పెదనాన్న టార్చి పట్టుకుని వెళ్లాడు. కుళ్లిన ఆకుల వాసన. అడుగు వేస్తే నాచు కింద నీళ్లు గుటకేసిన చప్పుడు. వంకర చెట్టు కనబడింది. కుడికి తిరిగాడు.

మళ్లీ వంకర చెట్టు...

అదే ఒరుగు. అదే విరిగిన కొమ్మ. దాని వెనక ఇంకొకటి. దాని వెనక...

"నాన్నా..."

"ఎక్కడున్నావు తల్లీ?"

"వంకర చెట్టు దగ్గర."

"ఏ వంకర చెట్టు?"



"అన్నీ అదేగా, నాన్నా."

తెల్లారాక వెతికినవాళ్లకి పెదనాన్న దొరికాడు. అడవిలో ఒక్కటే వంకర చెట్టు కనబడింది. బిడ్డ కనబడలేదు.

మ్యాపులో అతికించిన చెట్లన్నీ చెరిపేద్దామని పెదనాన్న కూర్చున్నాడు. బిడ్డ ఏ చెట్టు దగ్గర ఉందో తెలీకుండా ఏది చెరుపుతాడు? ఇప్పటికీ ఆ తెర ముందే ఉన్నాడు.

అందుకే మిమ్మల్ని ఇంత దూరం తెచ్చి, చెట్టన్నది లేని వీధిలో పెంచుతున్నాం. నిన్న మీలో చిన్నది బడిలో గీసిన బొమ్మ తెచ్చి ఫ్రిజ్ మీద అంటించింది. ఒరిగిన చెట్టు. కొమ్మ విరిగిన చోటు కూడా సరిగ్గా ఉంది. దాని కింద ఒక అమ్మాయి. ఎవరమ్మా అంటే, కుడికి తిరగమంటోంది అంది.

రేపు మేం ఉన్నా లేకపోయినా, ఈ మాట మీ పిల్లలకి చెప్పండి. ఒకే చెట్టు రెండోసారి కనబడితే అక్కడే ఆగిపొమ్మనండి. ఎవరు పిలిచినా సరే.