నిలబడి పట్టిన ప్రతిన

నీ కోపాన్ని నువ్వు పౌరుషమని చెప్పుకుంటున్నావు. ఇంట్లో కంచం విసిరికొడతావు, దారిలో ఎదురైనవాణ్ణి నోటికొచ్చినట్టు తిడతావు, పొద్దు వాలేసరికి చల్లబడి "నా మనసు వెన్న, నోరే కాస్త దురుసు" అని నలుగురిలో నవ్వుతావు. సిగ్గుతో తల దించవలసిన చోట మీసం దువ్వుతున్నావు. నీ మనసు వెన్నో రాయో ఎవడికి కావాలి? ఎదుటివాడికి తగిలేది నీ నోరు, నీ చెయ్యి. నీకంటే ఎన్నో రెట్లు వీరుడు, నీకంటే ఎన్నో రెట్లు నమ్మకస్తుడు ఒకడుండేవాడు. అతడి గతి చెబుతాను. మధ్యలో లేచి పోకుండా విను.

కృష్ణకు దక్షిణాన, నల్లరాతి గుట్టల నడుమ, ఎద్దు కొమ్ములా పైకి పొడుచుకు వచ్చిన కొండ మీద కొమ్ముగిరి దుర్గం ఉండేది. ఆ ఏడు ఎండాకాలం ముదిరేనాటికి కొండ చుట్టూ ఎటు చూసినా శత్రువుల గుడారాలే. కొండ కింద పారే ఏటికి అవతలి సీమను ఏలే జగ్గభూపతి తన ఏనుగులనూ గుర్రాలనూ కాల్బలాన్నీ దించి, మేత దొరికిన చోటల్లా మేపి, పైరు కనిపించిన చోటల్లా తగలబెట్టి, కోటను ఉడుంపట్టు పట్టి కూర్చున్నాడు. పగలంతా పొగ, సాయంత్రమంతా భేరీల మోత. కోటలో బావులు అడుగంటాయి. అయినా లోపలివాళ్ళు ధైర్యం విడువలేదు. తొలి వానలు పడితే ఏరు పొంగుతుంది, పల్లంలో ఉన్న శత్రువుల పాళెం మునుగుతుంది. అంతదాకా కోట నిలిస్తే కొమ్ముగిరి బతికినట్టే. అందరి చూపూ ఆకాశం మీదే ఉండేది.

రాజు ఓబళదేవుడు ముసలివాడు, జబ్బుమనిషి. కోట భారమంతా సేనాని రేచనాయకుడిది. రాజు ఉప్పు తిన్నందుకు ప్రాణమిచ్చే మనిషి అతడు. గోడ మీద రాళ్ళు మోసే కూలివాడితో పాటు తానూ రాయి మోసేవాడు. అతడిలో ఒక్కటే లోపం, కోపం. వయసులో ఉండగా జీను ఆలస్యంగా తెచ్చాడని గుర్రపువాణ్ణి చెంప మీద కొడితే, వాడికి ఆ వైపు చెవి మళ్ళీ వినపడలేదు. ఆనాడు అతడి భార్య గంగసాని ఏడవలేదు, అలగలేదు. భర్తను పిలిచి ఒక నియమం పెట్టింది.

"మీకు కోపం వచ్చినప్పుడు కూర్చోండి. ఎక్కడుంటే అక్కడ, నేల మీదైనా సరే. కూర్చున్న మనిషి కత్తి దూయాలంటే లేవాలి గదా. ఆ లేచేలోగా ఎదుటివాణ్ణి ఒక్క ప్రశ్న అడగండి. నిలబడి మాత్రం ఎన్నడూ ఆజ్ఞ ఇవ్వకండి."

రేచనాయకుడు ఆ మాట పాటించాడు. ఏళ్ళ తరబడి పాటించాడు. నడివీధిలో కూలబడేవాడు, కోటగోడ మీద కూలబడేవాడు. "నాయకుడు చతికిలబడ్డాడురోయ్, ఎవడి ఆయువో గట్టిది!" అని బంట్లు నవ్వుకునేవారు. ఆ నవ్వు విని అతడూ నవ్వేవాడు. కోపం పోలేదు, కాని దానికి ముకుతాడు పడింది. కొమ్ముగిరికి అదే పెద్ద కోటగోడ అయింది.

ఆ సంగతి బాగా కనిపెట్టినవాడు మంత్రి నామన ప్రెగ్గడ. మెత్తని మాట, వంగిన నడుము, ఎవరినీ నొప్పించని చిరునవ్వు. జగ్గభూపతితో అతడికి అప్పటికే లోపాయికారీ ఒడంబడిక కుదిరింది. కోట పడితే కొత్త రాజు దగ్గర కూడా మంత్రిపదవి తనదే. అయితే రేచనాయకుడు గోడ మీద ఉన్నంతకాలం కోట పడదు. అతణ్ణి కొనడం కుదరదు, భయపెట్టడం కుదరదు. ఇక మిగిలింది అతడి కోపం. దాన్ని లేపాలంటే అతడు కూర్చోవడానికి వీలులేని చోటు వెతకాలి.

ఆ చోటు కోటలోనే ఉంది. ద్వారం పక్కన కోటమైసమ్మ గద్దె. అమ్మకు హారతి జరుగుతున్నంతసేపు ఆమె ముందు ఎవరూ కూర్చోరాదు. రాజు సైతం నిలబడవలసిందే. అది తరతరాల కట్టుబాటు.

పడమటి గోడ కాపు గంగసాని తమ్ముడు బాచనది. కొండపల్లెల నుంచి తన వెంట వచ్చిన బంట్లతో ఆ గోడను అతడే కాస్తున్నాడు. అక్కడ గోడలో దిడ్డివాకిలి, అంటే చిన్న పక్కవాకిలి, ఒకటి ఉంది. దాని వెలుపల, బండల సందులో చిన్న ఊట. దెబ్బలు తిన్న బంట్లు దాహంతో నాలుకలు పిడచకట్టుకుని మూలుగుతుంటే బాచన చూడలేకపోయాడు. దిడ్డి తెరవరాదని రేచనాయకుడి ఆన. అందుకని గోడ చూడవచ్చిన ప్రెగ్గడను ఆపి, "బావ తూర్పు గోడ విడిచి రాలేడు, నేను నా గోడ విడిచి పోలేను. తెల్లవారుజామున నాలుగు కావళ్ళు నీళ్ళు తెప్పిస్తాను. మీరు బావనడిగి చెప్పండి" అన్నాడు. ప్రెగ్గడ సాయంత్రం మళ్ళీ వచ్చి, "నాయకుడికి విన్నవించాను, బాబూ. నీ జాగ్రత్తలో నువ్వుండు" అన్నాడు. ఆ మాటను బాచన అనుమతి అనుకున్నాడు. రేచనాయకుడి చెవిలో ఆ సంగతి పడనేలేదు.

మర్నాడు పొద్దున అమ్మకు హారతి. రాజు పల్లకి దిగి, చేతికర్ర మీద ఆనుకుని నిలబడ్డాడు. కాపు విడిచి రాగలిగిన బంట్లంతా చేరారు. కర్పూరం వెలుగుతుండగా ప్రెగ్గడ ముందుకు వచ్చి, చేతులు జోడించి, గొంతు వణికించి మాట్లాడాడు.

"దేవరా, నాయకా, వీరులారా! ఈ మాట చెప్పడానికి నాకు నోరు రావడం లేదు. కాని అమ్మ ముందు దాచితే కళ్ళు పోతాయి. నేటి తెల్లవారుజామున పడమటి దిడ్డి తెరుచుకుంది. మనుషులు బయటికి పోయారు, తిరిగి లోపలికి వచ్చారు. శత్రువులు చూసి కూడా ఒక్క బాణం వేయలేదు. ఎందుకు వేయలేదో మీరే ఆలోచించండి. ఆ దిడ్డి కాపు ఎవరిదో చెప్పను. చెబితే మన నాయకుడి ఇంటి పరువు పోతుంది."

అందరి కళ్ళూ రేచనాయకుడి మీద పడ్డాయి. అతడి ముఖం కందగడ్డయింది. మోకాళ్ళు వంగబోయాయి. అలవాటు అటువంటిది. కాని ఎదురుగా అమ్మ గద్దె, వెలుగుతున్న హారతి, నిలబడి ఉన్న రాజు. కూర్చోవడానికి వీలులేదు. కూర్చోలేకపోతే మానె, నోరు మూసుకోకూడదా? "హారతి కానిచ్చి విచారిస్తాను" అనకూడదా? ఆ పాటి మాటకు ఏ కట్టుబాటు అడ్డం వచ్చింది? అతడు అనలేదు. కత్తి దూసి అమ్మ గద్దెకు తాకించి గర్జించాడు.

"దిడ్డి తెరిచినవాడు ఎవడైనా సరే, నా రక్తమైనా సరే, నేటి పొద్దు గుంకేలోగా వాడి తల ఈ తల్లి పాదాల ముందు పెడతాను. పెట్టకపోతే ఈ కోటలో నా మాట ఒక్క బంటూ వినవద్దు!"

బంట్లు జయజయధ్వానం చేశారు. ప్రెగ్గడ కళ్ళు తుడుచుకున్నాడు.

బాచనను పిలిపించారు. నడుముకు తడిబట్టతో, ఏమీ ఎరగని ముఖంతో వచ్చాడు. సంగతి విని నిర్ఘాంతపోయాడు.

"బావా, నీళ్ళ కోసం తెరిచాను. అదిగో కుండలు, గాయపడినవాళ్ళు తాగగా మిగిలిన నీళ్ళు ఇంకా వాటిలో ఉన్నాయి. నువ్వు సరేనన్నావనే తెరిచాను. ప్రెగ్గడవారు చెప్పలేదూ?"

"విన్నవించానని అన్నాను గాని, నాయకుడు ఒప్పుకున్నాడని అన్నానా బాబూ?" అన్నాడు ప్రెగ్గడ. "నేను విన్నవించేసరికి నాయకుడు నిద్రలో ఉన్నాడు. లేపడానికి నాకు ధైర్యం చాలలేదు."

దెబ్బలు తిన్న బంట్లు తడిసిన గడ్డాలతో, కట్లతో కుంటుకుంటూ వచ్చి బాచన వెనుక నిలబడ్డారు. నిజం ఎండలో బండలా అందరికీ కనిపించింది. అప్పటికి హారతి ముగిసింది. రేచనాయకుడు గద్దె మెట్టు మీద కూర్చున్నాడు. తల పట్టుకున్నాడు. కోపం దిగిపోతోంది. రాజు దగ్గరికి వచ్చి అతడి భుజం మీద చెయ్యి వేశాడు.

"నాయకా, ఆ ప్రతిన నువ్వు నా కోసం పట్టావు. నా కోసమే విడిచిపెట్టు. అమ్మకు తప్పు నేను చెల్లించుకుంటాను. నీళ్ళు తెచ్చినవాణ్ణి చంపుకునే రాజ్యం నాకు వద్దు."

ఇంతకంటే ఏ మనిషికైనా ఏం కావాలి? దారి తెరిచి ఉంది. అతడు తల ఊపాడు కూడా. అప్పుడు ప్రెగ్గడ, పక్కనున్నవాళ్ళతో అన్నట్టు, మెల్లగా అన్నాడు. "మంచిదే, మంచిదే. బావమరిది గదా. పరాయివాడైతే ప్రతిన, ఇంటివాడైతే నీళ్ళమీద రాత."

గుంపులో ఎవడో నవ్వాడు.

రేచనాయకుడు లేచాడు.

"కూర్చో బావా," అన్నాడు బాచన. భయంతో అన్న మాట కాదు అది. ఇంట్లో భోజనాల దగ్గర అన్నట్టే అన్నాడు. "ముందు కూర్చో..."

ఆ మాట పూర్తి కాలేదు. తల గద్దె ముందు పడింది. కుండలో నీళ్ళు ఇంకా చల్లగానే ఉన్నాయి.

గంగసానికి కబురు అందింది. వచ్చింది. తమ్ముడి తలను ఒళ్ళో పెట్టుకుని, చెంగుతో దుమ్ము తుడిచింది. రేచనాయకుడు ఆమె ఎదుట మోకరించి, "గంగా, నన్ను తిట్టు. కొట్టు" అన్నాడు. అప్పటికి కోపం పోయి, ఎప్పటిలాగే వెన్న మనసు వచ్చింది. ఆమె అందరూ వినేలా ఒక్కసారే మాట్లాడింది.

"నేను ఎందుకు తిట్టాలి? తిడితే మీకు బరువు తగ్గుతుంది. ఇన్నేళ్ళు మీ కోపాన్ని పసిబిడ్డను కాచినట్టు కాచాను. అది పెరిగి నా పుట్టింటి దీపాన్ని ఆర్పింది. ఆ నియమం మీ మేలు కోసమని మీరు అనుకున్నారు. కాదు. మీ ఎదుట నిలబడేవాళ్ళ కోసం పెట్టాను. ఒక్క ప్రశ్న అడగమన్నాను, అంతే గదా! వీడు అడగకుండానే జవాబు చెప్పాడు. అయినా చంపారు. ఇక మీ ఇంట్లో నాకు పని లేదు."

సాయంత్రం పడమటి గోడ బంట్లు తమ ఈటెలనూ కత్తులనూ తెచ్చి అమ్మ గద్దె ముందు కుప్ప పోశారు. గొడవ చేయలేదు. వారి పెద్ద ఒకడు రాజుకు దండం పెట్టి, "దేవరా, శత్రువు చేతిలో చావమంటే చస్తాం. మాకు నీళ్ళిచ్చినవాణ్ణి నరికిన చేతి కింద మాత్రం నిలబడలేం" అన్నాడు. బాచన దేహాన్ని పాడె మీద ఎత్తుకుని, గంగసానిని వెంట తీసుకుని, ఆ దిడ్డివాకిలి గుండానే దిగిపోయారు. జగ్గభూపతి మనుషులు పక్కకు తొలగి దారి ఇచ్చారు.

మర్నాడు అదే దిడ్డి గుండా శత్రువులు ఎక్కి వచ్చారు. మిగిలిన బంట్లు తూర్పు గోడకే చాలలేదు, పడమటి గోడ మీద అడ్డుకునేవాడు లేడు. ముసలి రాజు చేతికర్ర పారేసి, కత్తి పట్టుకుని, ధాన్యపు కొట్టు వాకిట్లో నిలబడి, ఉన్న కాస్త బలంతో పోరాడి కూలిపోయాడు. రేచనాయకుడు చావును వెతుక్కుంటూ శత్రువుల గుంపులోకి దూకాడు. కాని అతణ్ణి చంపరాదని జగ్గభూపతి ఆజ్ఞ. డాళ్ళ నడుమ ఇరికించి, ప్రాణంతో పట్టుకున్నారు. ఆ తరువాత కొద్దిరోజులకే వానలు పడ్డాయి. ఏరు రెండు గట్లూ తెంచుకుని పొంగింది. పల్లంలో గుడారాలు లేవు. అప్పటికే వాళ్ళంతా కోటలో ఉన్నారు.

ప్రెగ్గడకు ఏ శిక్ష పడిందని అడుగుతావు. పడలేదు. కొత్త రాజు దగ్గర మంత్రిగా ఉండి, పండుముసలి అయి, మంచం మీద పోయాడు. కోటను అమ్మినవాడెవడని జనం గుసగుసలాడుతుంటే, ఆ మరక తన మీద పడకుండా అతడే ఒక ఉపాయం చెప్పాడు. జగ్గభూపతి నవ్వి ఒప్పుకున్నాడు.

నిండుకొలువులో రేచనాయకుడి సంకెళ్ళు విప్పించి, పట్టుశాలువ కప్పించి, జగ్గభూపతి అన్నాడు. "నా ఏనుగులు చేయలేని పని ఈ నాయకుడు చేశాడు. పడమటి గోడను నాకు ఖాళీ చేసి ఇచ్చాడు. అందుకు అతడికి ఒక గ్రామం మాన్యంగా ఇస్తున్నాను. ఊరూరా దండోరా వేయండి."

"అబద్ధం!" అని రేచనాయకుడు శాలువ చింపి విసిరికొట్టాడు. నరాలు ఉబ్బేలా అరిచాడు. కొలువులో ఉన్న కొమ్ముగిరి పెద్దలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. "నిజం కాకపోతే అంత కోపం ఎందుకు?" అన్నాడొకడు. అందరూ తల ఊపారు.

అతడు బతికినంతకాలం ఆ మాన్యపు ఊళ్ళోనే, కాపలా నడుమ బతికాడు. మంగలి అతడి గడ్డం ముట్టలేదు. ఆడవాళ్ళు అతడి నీడ చూసి బిందె దించి నీళ్ళు పారబోసేవారు. "నేను అమ్మలేదు" అని మొదట్లో కనపడినవాడికల్లా చెప్పేవాడు. ఎలా జరిగిందని ఒక్కడూ అడగలేదు. తరువాత చెప్పడం మానేశాడు.

దండోరా కొండపల్లెలకూ పోయింది. గంగసాని పుట్టింటి అరుగు మీద కూర్చుని విన్నది. కొమ్ముగిరిని శత్రువుకు అమ్మిన రేచనాయకుడు అని డప్పువాడు చాటుతుంటే, ఊరివాళ్ళు ఆమె ముఖం వంక చూశారు. అది అబద్ధమని సాక్ష్యం చెప్పగల మనిషి, చెబితే జనం నమ్మే మనిషి, ఈ భూమి మీద ఆమె ఒక్కతే. డప్పు వీధి మలుపు తిరిగేదాకా అలాగే కూర్చుంది. తరువాత లేచి, లోపలికి పోయి, తలుపు వేసుకుంది.