ఆటో రంగు చీర

మచ్చ బొల్లారంలో చర్చి ప్రహరీకి ఆనుకుని రెండు రేకుల గదులు ఉన్నాయి. కాలనీల వాళ్ళు వద్దనుకున్న బట్టలన్నీ ఆదివారం పూట అక్కడికి చేరతాయి. వాటిని ఉతికి, ఇస్త్రీ చేసి, చవగ్గా అమ్మే పని ఎలీషమ్మది. ఎంతకీ అమ్ముడుపోని వాటి మీద కత్తెర వేసే పని ఆమె మనవరాలు జాస్మిన్‌ది. లుంగీ స్కర్టయ్యేది, పెళ్ళికొడుకు సూటు చేతిసంచి అయ్యేది. పిల్ల చెయ్యి పడితే చాలు, పాత బట్టకు మళ్ళీ పెళ్ళీడు వచ్చేదంటే నమ్మండి!

శ్రావణమాసం. బుధవారం మధ్యాహ్నం వాన దంచికొడుతుంటే, సగం తడిసిన గొడుగుతో, పూర్తిగా తడిసిన చొక్కాతో ఒక కుర్రాడు లోపలికొచ్చాడు.

"నా పేరు సుధీరండీ. బహదూర్‌పల్లి నుంచి వస్తున్నాను. మొన్న ఆదివారం మా అమ్మ ఇక్కడో చీర ఇచ్చింది. పసుపు రంగు, నల్ల అంచు. అచ్చం ఆటోలా ఉంటుంది."

జాస్మిన్ లోపలి గది తలుపు ఓరగా మూసింది. ఆ చీర అక్కడే ఉంది. కాకపోతే ఇప్పుడది చీర కాదు.

"ఇచ్చిన చీర మళ్ళ అడుగుడేంది సార్?"

"కావాలనే ఇచ్చిందండీ. అది కట్టుకుని రోడ్డెక్కితే ఎవరో ఒకరు చెయ్యెత్తి ఆపి మీటరు వేస్తావా అంటారని భయం. కానీ అది మా కాకినాడ అత్తయ్య పెట్టిన చీర. ఎల్లుండి వరలక్ష్మీ వ్రతానికి ఆవిడ వస్తోంది. ఆడపడుచు పెట్టిన చీర ఆవిడ ముందు కట్టుకోకపోతే ఇంకేమైనా ఉందా? నిన్నటి నుంచి అమ్మకు అన్నం సయించడం లేదు."

"గది... ఉతకనీకి పోయింది. రేపు రాండ్రి," అనేసింది జాస్మిన్. అబద్ధమాడి ఎరగని పిల్ల, చెవులు ఎర్రబడిపోయాయి. సుధీర్ ఆ చెవుల వంకే కాసేపు చూసి, థాంక్స్ చెప్పి, వానలోకి వెళ్ళిపోయాడు.

ఆమె భయం ఆమెది. శనివారం షామీర్‌పేట చెరువు దగ్గర ఒక హాల్లో పాత బట్టల ఫ్యాషన్ షో. ఒక్కొక్కరు ఆరు డ్రెస్సులు చూపించాలి. ఒక్కటి తగ్గినా పేరు కొట్టేస్తారు. గెలిచినవాళ్ళకు మేడ్చల్ బస్టాండు ఎదురుగా ఆరు నెలలు కిరాయి లేకుండా దుకాణం. సొంత దుకాణం కావాలని జాస్మిన్ ఎన్నేళ్ళుగానో అనుకుంటోంది. ఆమె ఆరో డ్రెస్సు, ఆ ఆటో రంగు చీరతో కుట్టిన కోటు.

గురువారం సుధీర్ వచ్చేసరికి జాస్మిన్ దారం కొనడానికి వెళ్ళింది. ఎలీషమ్మ ఒక్కతే ఉంది.

"పసుపు చీరనా? గది కోటయింది గద బిడ్డా! రా, సూడు, మస్తు సక్కగుంటది!" అని మురిసిపోతూ లోపలికి తీసుకెళ్ళి బొమ్మకు తొడిగిన కోటు చూపించింది.

జాస్మిన్ తిరిగొచ్చేసరికి కోటు ముందు సుధీర్ చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు.

"ఉతకడానికి వేశామన్నారు. ఉతికితే చీర కుంచించుకుపోయి కోటయిందా అండీ?"

"తప్పయింది సార్. భయమై అట్లన్న."

"నిజం చెప్తే నిన్ననే ఏదో ఒక ఏర్పాటు చేసుకునేవాళ్ళం కదా! ఇప్పుడు అమ్మకేం చెప్పను?" అన్నాడు కోపంగా. అంతలో మళ్ళీ కోటు వైపు చూశాడు. కోపంలో ఉన్న మనిషి అనకూడని మాట అనేశాడు. "చాలా బాగుంది, అదే నా ఖర్మ!"

అని విసురుగా వెళ్ళిపోయాడు. వెళ్ళినవాడు గొడుగు మరిచిపోయాడు. దానికోసం పావుగంటలో తిరిగొచ్చి గుమ్మంలోనే ఆగిపోయాడు. జాస్మిన్ కింద కూర్చుని కోటు కుట్లు విప్పుతోంది.

"ఏం చేస్తున్నారు?"

"రేపు పొద్దుగాల్నే మీ చీర మీకిస్త. పైట మీద కత్తెర వడలే. కోసిన ముక్కలన్ని అతుకుత, మధ్యల నల్లబట్ట ఏస్త. గా అతుకులు కుచ్చిళ్ళల్లకు, లోపలి చుట్టులకు పోతయి. మీ అత్తకు కనవడయి."

"షో కోసం కుట్టింది గది," అంది ఎలీషమ్మ కళ్ళొత్తుకుంటూ. "ఆరు లేకుంటే పేరు కొట్టేస్తరు. ఇగ దుకాణం ముచ్చట లేదు. చెప్తే ఇంటలేదు."

సుధీర్ గతుక్కుమన్నాడు. "వద్దండీ! మేం దానం ఇచ్చేశాం, అది మీదే. మీ తప్పేం లేదు."

"చీర నాదే. కాని అబద్ధం గుడ నాదే గద సార్. ఆడ మీ అమ్మ అన్నం తింటలేదు, ఈడ నేను కోటు పట్టుకొని ఎట్ల నవ్వాలె?"

సుధీర్ చెప్పులు విప్పి ఎదురుగా కూర్చుని కోటు రెండో చెయ్యి అందుకున్నాడు.

"మీకు వస్తదా?"

"సాఫ్ట్‌వేర్‌లో నా పనే అదండీ. ఎవరో చేసింది విప్పి చూడటం."

"గట్ల గుంజకుండ్రి సార్, చినుగుతది!"

"సార్ అనడం మానేస్తే గుంజను."

జాస్మిన్ తల దించుకునే నవ్వింది. బయట రేకుల మీద వాన మోత. ఎలీషమ్మ చాయ్ పోసింది. చీకటి పడేలోపు కుట్లన్నీ ఊడాయి. పని అయిపోయినందుకు సుధీర్‌కు మహా బెంగగా అనిపించింది.

శుక్రవారం పొద్దున్నే వచ్చి చీర తీసుకెళ్ళాడు. ఆ తరువాత ఫోనైనా చెయ్యలేదు. "పని అయిపోయిందిగ, ఇగ మనమెందుకు యాదికుంటం?" అని జాస్మిన్ వంద సార్లు అనుకుంది. వంద సార్లూ ఫోన్ చూసుకుంది.

శనివారం అవ్వను వెంటబెట్టుకుని అయిదు డ్రెస్సులతోనే షామీర్‌పేట వెళ్ళింది. పేర్లు రాసుకునే మేడమ్ లెక్కపెట్టి, "ఆరోదేదమ్మా?" అంది.

"లేదు మేడమ్."

మేడమ్ పెన్ను ఎత్తింది.

"ఉందండీ! నేను కట్టుకొచ్చాను!"

గుమ్మంలో సుధీర్ తల్లి బాలాత్రిపురసుందరి. పసుపు చీర, నల్ల అంచు, జడలో పూలు. వెనకాల ఆయాసపడుతూ కొడుకు. ఆవిడ తిన్నగా వచ్చి జాస్మిన్ గడ్డం పట్టుకుంది.

"నిన్న కుచ్చిళ్ళు పోసుకుంటుంటే అతుకులు చేతికి తగిలాయమ్మాయ్. గట్టిగా అడిగితే వీడు అంతా కక్కాడు. పండగ పనుల్లో ఫోను నేనే లాక్కున్నాను, వాణ్ణి తిట్టకు. ఎటు నడవాలో చెప్పు!"

సినిమాకు వెళ్ళినా వెనక వరుసలో కూర్చునే మనిషి వేదిక ఎక్కింది. అడుగు వేసినప్పుడల్లా కుచ్చిళ్ళు విచ్చుకుని లోపలి పసుపు ముక్కలు, నల్ల ముక్కలు తళుక్కుమన్నాయి. హాలంతా ఈలలు. యాంకరు మైకు అందిస్తే ఆవిడ మూడో వరుస వైపు తిరిగింది. అక్కడ వాళ్ళతో వచ్చిన కాకినాడ ఆడపడుచు నోరు తెరుచుకుని చూస్తోంది.

"వదినగారూ, మీరు పెట్టిన చీర నేను దానం ఇచ్చేశాను. నిన్న మీ ముందు కట్టుకుని ఏం తెలియనట్టు నటించాను. ఈ పిల్ల తన కోటు విప్పి నా పరువు కాపాడింది. ఇంక దాచడం నా వల్ల కాదు."

 ఆడపడుచు లేచి నిలబడింది.

"ఓసి నీ దుంపతెగ! అది మా తోడికోడలు నాకు పెట్టింది. కట్టలేకే నీకు అంటగట్టానే!"

నవ్వులకు హాలు దద్దరిల్లింది. వేదిక పక్కన తెర వెనక జాస్మిన్ నవ్వుతూనే ఏడుస్తోంది. సుధీర్ జేబు రుమాలు ఇచ్చాడు.

"అమ్మను నేను అడగలేదు, తనే వస్తానంది. కానీ ఇంకో సంగతి నేనే చెప్పుకోవాలి. మీరంటే నాకు ఇష్టం జాస్మిన్. కోటు విప్పుతున్నప్పటి నుంచి."

"మీరు పూజలోళ్ళు, మేము చర్చోళ్ళం. రేపు మీ అమ్మ ఏమంటదో!"

"ఏమనాలో ఆవిడ అప్పుడే మీ అవ్వతో అంటోంది, అటు చూడండి."

వేదిక దిగిన బాలాత్రిపురసుందరి ఎలీషమ్మ పక్కన కూర్చుని, ఆమె చెయ్యి తన ఒళ్ళోకి తీసుకుని, ఏదో అడుగుతోంది. ఎలీషమ్మ "స్తోత్రం, స్తోత్రం" అంటూ తల ఊపుతోంది.

"నాగ్గూడ ఇష్టమే," అంది జాస్మిన్. ఈసారి చెవులు మాత్రమే కాదు, ముఖమంతా ఎర్రబడింది. "గొడుగు మర్సిపోయి మళ్ళొచ్చినప్పటి సంది."

మైకులో ఎవరిదో పేరు పిలుస్తున్నారు. అది తన పేరేనని, మేడ్చల్ దుకాణం తనదేనని, మూడోసారి పిలిచేదాకా ఆమెకు తెలియలేదు.