రెండో గది తెరవనా?

ఆ ఫ్రీజరు గది ముందు మూడడుగుల దూరంలో నిలబడి మొత్తం నా కళ్ళతో చూశాను. అబద్ధమని తేలితే సగం మీసం గొరిగించుకుంటాను! ఇక వినండి.

వినీల పరుగెడుతోంది!

ఆదివారం మధ్యాహ్నం రెండున్నర. వాకాడు దగ్గర రొయ్యల ఫ్యాక్టరీ. కూలి జనం లేరు. రొయ్యలు ఒలిచే షెడ్డు ఖాళీ. నేలంతా తడి. చంకలో లాప్‌టాప్.

జారింది... మోకాలు బల్లకు కొట్టుకుంది... లేచింది!

వెనక బూట్ల చప్పుడు.

"పరిగెత్తు వినీలా, పరిగెత్తు! యాడికి పోతావ్? గేటుకు తాళమేసింది నేనేగా!"

సుశీల్ కుమార్. ఫ్యాక్టరీ ఓనరు. చేతిలో ఐసు పగలగొట్టే ఇనుప చువ్వ.

కానీ ఆమె పరుగు గేటు వైపు కాదు. రెండో నంబరు ఫ్రీజరు గది వైపు.

లోపల తహీర్ ఉన్నాడు. ఫ్రీజర్లు బాగుచేసే మెకానిక్. పల్చటి చొక్కా. మైనస్ ముప్పై ఎనిమిది. లోపలి పిడి విరిగిపోయి నెలలైంది.

తలుపు మూసుకుని అప్పటికే నలభై నిమిషాలు!

"తహీర్! కూర్చోవద్దు! కదులుతా ఉండు!"

తలుపు అవతలనుంచి చిన్న చప్పుడు.

"అ... క్కా..."

ఈ తలుపుకు తాళంచెవి లేదు. తోస్తే మూసుకుంటుంది, కానీ సర్వర్ చెప్తేనే తెరుచుకుంటుంది. ఆ సర్వర్‌తో పనిచేయించేది ఒక ఏఐ అసిస్టెంటు. ప్రోగ్రాములు అదే రాస్తుంది, అదే నడుపుతుంది. అయితే దానికి ఏ సర్వర్ చూపించాలి, ఏ పని అప్పగించాలి, దేన్ని ముట్టుకోనివ్వకూడదు... ఆ జాబితా రాసే ఉద్యోగం వినీలది. వంటమనిషికి వంటిల్లు చూపిస్తాం. బీరువా తాళాలు ఇవ్వం. అంతే.

జాబితాలో ఇప్పుడు రెండు ముఖ్యమైన లైన్లు ఉన్నాయి.

తలుపులు తెరవడం... ఓనరు ఫోన్‌ను అడిగాకే. అది సుశీల్ కుమార్ హుకుం.

ఏ తలుపు ఎవరు ఎప్పుడు మూశారో, తెరిచారో చెప్పే రికార్డులు చెరపడం... కుదరదు. అది వినీల పెట్టిన నియమం. మార్చగలిగేది ఆమె లాప్‌టాప్ ఒక్కటే.

పోయిన నెల ఇదే గదిలో ముత్యాలయ్య గడ్డకట్టి చచ్చిపోయాడు. కూలీలను కూడగడుతున్న మనిషి. ప్రమాదమన్నారు అందరూ. కానీ రికార్డు ఇంకోమాట చెబుతోంది. ఆ తలుపు మూసింది సుశీల్ కుమార్ ఫోన్!

ఈ ఉదయం తహీర్ అది చూశాడు. అందుకే లోపలున్నాడు.

చువ్వ వినీల గొంతుకు ఆనింది.

"రికార్డులన్నీ చెరిపించు."

"ముందు తలుపు తెరవండి సార్."

"ముత్యాలయ్య గంటన్నర తట్టుకున్నాడు తెలుసునా? పొలం పని చేసిన ఒళ్ళు. వీడు ఎండుచేప మాదిరున్నాడు. గంటకు మించడులే."

లోపలి చప్పుడు ఆగిపోయింది.

వినీల లాప్‌టాప్ తెరిచింది. 'కుదరదు' తీసేసింది. 'ఓనరును అడిగి' అని రాసింది. చెరపమని చెప్పింది.

టింగ్! సుశీల్ కుమార్ ఫోన్ మోగింది. *ఈ రికార్డు చెరపనా?*

సరే నొక్కాడు.

టింగ్! మళ్ళీ నొక్కాడు.

టింగ్! టింగ్!

"ఎన్నుండాయే ఇట్టాంటివి?"

"నాలుగొందల పన్నెండు సార్. ఒక్కోదానికీ అడుగుద్ది."

"నా ఫ్యాక్టరీలో నన్నడిగేదేంది! తీసెయ్ ఆ అడగడం!"

"అన్నిటికీనా సార్?"

"అన్నిటికీ! చెవుడా నీకు?"

ఆమె ఒకే ఒక్క మాట మార్చింది. జాబితా అంతటా 'అడుగు' పోయి 'అడగకు' వచ్చింది.

సర్వర్ ఆగి మళ్ళీ లేచింది. నాలుగు వందల పన్నెండు రికార్డులు... ఒక్క ఊపిరిలో మాయం!

సుశీల్ కుమార్ పకపకా నవ్వాడు. తల అటు తిప్పాడు.

వినీల వేళ్ళు కదిలాయి. *రెండో గది తెరువు.*

ఎవర్నీ అడగలేదు.

ఠక్!

తలుపు తెరుచుకుంది. తెల్లటి పొగ వచ్చి నా మొహాన కొట్టింది... సరే, కొట్టలేదు. ఆ పూట నేను తడ ఊళ్ళో మా వియ్యంకుడింట్లో రొయ్యల ఇగురు లాగిస్తున్నాను. మీసమా? నాకు మీసం ఎప్పుడుంది!

తహీర్ బయటికి పడ్డాడు. పెదాలు నీలం. కనురెప్పల మీద మంచు.

"ఎంత పొగరే నీకు!"

చువ్వ లేచింది. ఆమె కుడిచేతి మీద పడింది. పటపటమని మూడు వేళ్ళు విరిగాయి!

వినీల కేక షెడ్డంతా మోగింది.

"ఇంక దేంతో కొడతావు కంప్యూటర్ను? కాలితోనా?"

తహీర్ పళ్ళు టకటకలాడుతున్నాయి.

"ఫోటో... తీసినా సార్... రికార్డుని... ఫోను లోపలే... పడిపోయింది..."

సుశీల్ కుమార్ నవ్వు ఆగిపోయింది.

గదిలోకి చూశాడు. వరసగా అరలు, అరల నిండా రొయ్యల పెట్టెలు. గేటుకు తాళం ఉంది. ఒకడు నడవలేడు. ఒకతెకు చెయ్యి లేదు.

బూట్లతోనే లోపలికి దూకాడు. పెట్టెలు దబదబా కిందపడుతున్నాయి.

అంతలో గేటు పక్క గదిలో కునుకు తీస్తున్న వాచ్‌మన్ పెంచలకృష్ణ కేక విని పరుగెత్తుకొచ్చాడు. కిందపడున్న తహీర్ను చూశాడు. తెరిచున్న తలుపు చూశాడు.

"అయ్యయ్యో, సరుకంతా పాడైపోద్ది!"

ఈ ఫ్యాక్టరీలో ఒక అలవాటుంది. ఫ్రీజరులోకి పోయే మనిషి చెప్పులు గడప ముందు విడిచి, రబ్బరు బూట్లు తొడుక్కుంటాడు. చెప్పులుంటే లోపల మనిషి ఉన్నట్టు. తలుపు ముట్టుకోకూడదు. లేకపోతే మూసెయ్యాలి.

పెంచలకృష్ణ గడప చూశాడు.

చెప్పుల్లేవు. ఓనరు తన షోకు బూట్లు ఏ గడప ముందూ విప్పడు.

"ఎవురూ లేరుగా మేడం లోపల?"

వినీల అతని మొహంలోకి చూసింది.

నోరు విప్పలేదు.

పెంచలకృష్ణ తలుపును భుజంతో తోశాడు.

ఠక్!

ఆ వెంటనే... దబ్! దబ్! దబ్! లోపలినుంచి చువ్వ దెబ్బలు!

"సారా? సారు లోపలుండాడా! తెరువు మేడం, నీకు పుణ్యముంటాది!"

ఇనుప గదిలో ఫోన్ పనిచేయదు. మిగిలింది కింద కూలబడిన వినీల ఒళ్ళో లాప్‌టాప్.

వినీల ఎడమచెయ్యి ఎత్తింది. ముందు 'అడగకు' తీసి 'అడుగు' పెట్టింది. ఎవర్ని అడగాలన్న చోట ఓనరు ఫోన్ పేరు కొట్టేసి తన లాప్‌టాప్ పేరు రాసింది. జాబితా సరిగా ఉంచడం ఆమె ఉద్యోగం కదా.

తర్వాత రాసింది. *రెండో గది తెరువు.*

తెర అడిగింది. *రెండో గది తెరవనా?* కింద రెండు మీటలు. *సరే. వద్దు.*

"అక్కా..." తహీర్ గుసగుసలాడాడు. "ఫోటో లేదు. ఊరికే చెప్పినా."

ఫోటో లేదు. రికార్డు లేదు. ముత్యాలయ్యను చంపింది వీడేనని చెప్పే ముక్క ఈ లోకంలో ఇంకెక్కడా లేదు. ఇప్పుడు తలుపు తెరిస్తే వీడు చొక్కా దులుపుకుని కారెక్కుతాడు.

దబ్... దబ్...

"మేడం! నొక్కు మేడం!"

వేలు తెర ముందు ఆగింది. వణికింది.

నొక్కింది.

వద్దు.

వియ్యంకుడింటి సంగతి ముందే ఒప్పుకున్నాను కాబట్టి మిగిలిందీ ఒప్పుకుంటాను. ఈ కథలో నేను కల్పించి చేర్చింది ఒకే ఒక్క ముక్క. వేలు వణికింది అన్నానే...

వణకలేదు.