గుప్పెడు బియ్యం

“ఇవి గుప్పెడు బియ్యం కావు మాస్టారూ,” అంది రత్నం, డబ్బాలోకి చూసి.

హిందీ మాట్లాడే జుగ్సలాయి ఊళ్లో, తెలుగువాళ్ల సందులో వాన పడుతోంది. సూర్యం గుమ్మంలో నిలబడి, బోర్డు మీద తప్పు లెక్క చేసినవాడిలా చూశాడు.

“మరేటి, మట్టా?”

“ఇప్పుడే సంచీలోంచి పోసీసేరు. కిటికీలోంచి కనపడింది.”

నిజమే. అతని తల్లి పోలమ్మ పూట పూటకీ ఎసట్లో పోసే ముందు, కొలిచిన బియ్యంలోంచి గుప్పెడు తీసి ఈ డబ్బాలో వేసేది. తెలుగు చర్చిలో ఆడవాళ్లంతా అలాగే చేస్తారు. శనివారాలు రత్నం ఇల్లిల్లూ తిరిగి పోగుచేసి, మంచాన పడ్డవాళ్లకీ పని పోయినవాళ్లకీ అందిస్తుంది. వేసవిలో పోలమ్మ పోయింది. డబ్బా మిగిలింది.

“బియ్యం బియ్యమే కదా రత్నం.”

“కాదండి. మీ అమ్మగారు మీరిద్దరూ తినాల్సిన దాంట్లోంచి తీసీవోరు, ఎవర్నో ఒకర్ని తలుచుకుని. మీ కంచంలో ఎప్పుడైనా తక్కువైందా?”

కాలేదు. ఆ సంగతి అతనెప్పుడూ ఆలోచించలేదు.

“వచ్చే వారం చూత్తాను. బస్, అంతే,” అని ఆమె ఊచ విరిగిన గొడుగు విప్పింది.

మర్నాడు ఆమె నోరు మూయించడానికే కొలిచిన బియ్యంలోంచి గుప్పెడు తియ్యడం మొదలుపెట్టాడు. తర్వాత, అన్నం తినకుండా బడికి వచ్చే పిల్లలు గుర్తొచ్చారు. అమ్మకి మందులు తెచ్చిన పొరుగువాళ్లు గుర్తొచ్చారు. పాస్టరుగారు ప్రేమ గురించి చెబుతుంటే, అది దేవుడి దగ్గరే ఉండే పెద్ద మాట అనుకునేవాడు. ఇప్పుడది అరచేతిలో పట్టింది. ఖాళీ అయిందనుకున్న ఇంట్లో ఇవ్వడానికి ఇంకా ఉంది. రానురాను ఎవరిని తలుచుకున్నా, చివరికి విరిగిన గొడుగే కళ్ల ముందుకొచ్చేది.

వానలు వెనకబట్టాక ఒక శనివారం రత్నం తల్లి జోగమ్మ వచ్చింది.

“రత్నం రాలేదేటండి?”

“రేపు దాన్ని చూడ్డానికి ఖరగ్‌పూర్ నుంచి వత్తన్నారు బాబూ. రైల్వేలో గార్డు. మంచోడేనంట.” డబ్బా ఎత్తి చూసింది. “ఒక్క మనిషివి. ఇన్నెలా వచ్చాయి?”

“ఇద్దరికే కొలుత్తన్నానండి. చేతికి అలవాటు పోలేదు. అమ్మ వాటా అందులో వేసేత్తన్నాను.”

జోగమ్మ పీట మీద కూర్చుంది. “ఎన్నాళ్లిలాగ?”

ఇప్పుడు చెప్పకపోతే ఇంక చెప్పేది లేదని అతనికి తెలిసింది.

“రత్నం ఈ ఇంటికి వచ్చి ఆ వాటా తింటానంటే, ఆ రోజు దాకా.”

జోగమ్మ పమిటతో మొహం తుడుచుకుంది. “దాన్ని అడిగేవా?”

“లేదండి.”

“నన్నడిగితే నాకేటి తెలుత్తాది? సందు మలుపులో నిలబడింది. లోపలికి రానంది.”

సూర్యం చెప్పులు లేకుండానే వెళ్లాడు.

“డబ్బా నిండిందా మాస్టారూ?” రత్నం నేలచూపులు చూస్తూ అడిగింది.

“నిన్ను అడగాల్సింది మీ అమ్మగారికి చెప్పేశాను.”

“మైనే తో సునా నహీ. నేను విననే లేదు కదా, నాకూ చెప్పండి.”

చెప్పాడు. రెండే మాటలు. ఆమె గొడుగు పిడి తిప్పింది.

“ఖరగ్‌పూర్‌వాళ్లకి ఎవరు చెప్తారు?” అంది.

“నేను చెప్తాను,” వెనకే వచ్చిన జోగమ్మ అంది. “ముందు పొయ్యి ముట్టించు. ఆకలేత్తంది.”

ఆ పూట సూర్యం ఇంట్లోనే రత్నం ముగ్గురికి బియ్యం కొలిచింది. ఎసట్లో పోసే ముందు గుప్పెడు తీసి డబ్బాలో వేసింది.

“ఎవర్ని తలుచుకున్నావు?” అడిగాడు సూర్యం.

“ఈ డబ్బా పెట్టిన మనిషిని.”

అతను తల వంచి, మనసులోనే దేవుడికి వందనాలు చెప్పుకున్నాడు. కంచంలో ఏమీ తక్కువ కాలేదు.