మామగారు ప్లగ్గు తీశారు

పుట్టు గొట్టంలోంచి ఆవిరి పైకి లేచేదాకా ఆర్ద్ర పొయ్యి దగ్గరినుంచి కదల్లేదు. పెళ్లై రెండు నెలలవుతున్నా ఆమెకు ఆ ముచ్చట ఇంకా తీరలేదు. గొట్టాన్ని పళ్లెంలోకి వంచి వెనకనుంచి పుల్లతో నెడితే, కొబ్బరి చారల తెల్లటి బియ్యప్పిండి పుట్టు చెదరకుండా జారి రావాలి. ఈరోజు చెదరలేదు. పుట్టింట్లో ఈ పని అమ్మ ఎన్నడూ ఆమె చేతికి ఇచ్చింది కాదు. ఆర్ద్ర వెంటనే ఫొటో తీసి, స్నానాల గదిలో ఉన్న మొగుడికి పంపింది. లోపలినుంచి సూరజ్ నవ్వడం వినిపించింది. ఆ చిన్న నవ్వుకే ఆమెకు పొద్దంతా పండగైపోయేటట్టు అనిపించింది.

కేరళలో ఒట్టప్పాలం దాటగానే పెద్ద రోడ్డు పక్కన వాళ్ల ఇల్లు. ముందుగదిలో అత్తగారు వత్సల సేవా కేంద్రం నడుపుతోంది. రేషన్ కార్డు మొదలు పిల్లల కాలేజీ దరఖాస్తుల దాకా ఊరి పనులన్నీ ఆ ఒక్క కంప్యూటరు మీదే నడుస్తాయి. ఈ నెల మాత్రం ముసలివాళ్ల వంతు. పెన్షను ఆగకూడదంటే వాళ్లు ఏడాదికోసారి వచ్చి, బతికే ఉన్నామని వేలిముద్ర వేసి వెళ్లాలి.

మామగారు భార్గవన్ బస్సు కండక్టరుగా పనిచేసి రిటైరయ్యారు. అక్టోబరు సగంలో తులామాసం రాగానే మధ్యాహ్నాలు ఆకాశం ఉరమడం మొదలుపెడుతుంది. తొలి ఉరుముకే ముందుగదిలోకి వెళ్లి ప్లగ్గులన్నీ పీకెయ్యడం ఆయన డ్యూటీ. ఈ మధ్య ఒకటి రెండు సంగతులు మరచిపోతున్నారని ఇంట్లో అంటున్నారు కానీ, ఆ డ్యూటీ మాత్రం ఎప్పుడూ తప్పలేదు.

నిన్న సాయంత్రం వానా ఉరుములూ వెలిశాక వత్సల చెల్లెలి ఇంటికి వెళ్లింది. ఆర్ద్రకు తమ గదికి కర్టెన్లు ఎంచుకోవాలన్న సరదా పుట్టింది. ఫోనులో అయితే రంగులు సరిగా తెలియవు. ముందుగదిలో పెద్ద తెర ఉంది. కేంద్రం కంప్యూటరు ముట్టుకోవద్దని అత్తగారు మొదటి వారంలోనే చెప్పింది. ఐదు నిమిషాలే కదా అనుకుంది ఆర్ద్ర. లోపలికి వెళ్లేసరికి ప్లగ్గు ఊడదీసి ఉంది. వైరు పొందిగ్గా చుట్టి బల్ల మీద పెట్టి ఉంది. ఆర్ద్ర తన చేత్తోనే ఆ ప్లగ్గు పెట్టింది.

బ్రౌజర్ మూలన ఎర్రటి బాణం గుర్తు కనిపించింది. ఎన్నాళ్లుగా అప్‌డేట్ చెయ్యలేదో ఏమో. తాళం పాడైన తలుపుకు గడియ పెట్టకుండా వదిలేసినట్టు అనిపించింది ఆమెకు. ఊళ్లోవాళ్ల వివరాలన్నీ ఇందులోంచే కదా వెళ్లేవి. నొక్కేసింది. మూసుకుని తెరుచుకునేసరికి బ్రౌజర్ కొత్త పెళ్లికూతురిలా ఉంది. అంచులు గుండ్రంగా తిరిగాయి. రెండు పేజీలను పక్కపక్కనే పెట్టుకోవచ్చట. ఆర్ద్ర ఒకవైపు కర్టెన్లు పెట్టి, రెండోవైపు ఎదురుగా కనిపించిన పెన్షను సైటునే తెరిచి చూసి మురిసిపోయింది. అంతలో ఒక చిన్న పెట్టె పైకి లేచి, ఈ సైటు కంప్యూటరులోని మిగతా పరికరాలతో మాట్లాడవచ్చా అని అడిగింది. చదవకుండానే 'వద్దు' నొక్కింది. బ్రౌజరుకు లేత గులాబీ రంగు పెట్టుకుని కాసేపు చూసుకుంది. వెళ్లేముందు మాత్రం, పట్టుబడతానేమోనని, మళ్లీ పాత బూడిదరంగే పెట్టేసింది. ప్లగ్గు సంగతి తట్టలేదు.

ఈ పొద్దున పుట్టు పళ్లెంతో వంటింట్లోంచి బయటికి వస్తుండగా ముందుగదిలోంచి అత్తగారి గొంతు వినిపించింది. వేలిముద్ర మిషను పనిచెయ్యడం లేదు. వరండాలో అప్పటికే పది పన్నెండు మంది ముసలివాళ్లు తడి గొడుగులతో కూర్చుని ఉన్నారు. వరసలో ముందున్న అయిషుమ్మ బొటనవేలు చీరకు తుడుచుకుని మళ్లీ మళ్లీ నొక్కుతోంది.

"నేను బతికే ఉన్నానని మా కోడలికి రోజూ తెలుస్తూనే ఉంది వత్సలా. నీ మిషనుకే తెలియడం లేదు," అందావిడ.

వత్సలకు నవ్వు రాలేదు. వైరు మార్చి చూసింది, మిషను తుడిచింది, కంప్యూటరు ఆపి మళ్లీ వేసింది. తెర వంక పట్టిపట్టి చూసి, ఈ అంచులు కూడా ఏమిటో గుండ్రంగా అయిపోయాయి, నిన్నటి పిడుగుకు లోపల ఏదో కాలినట్టుందని తేల్చేసింది. మొగుణ్ని పిలిచింది.

"నిన్న ఉరిమినప్పుడు ప్లగ్గు తీశారా?"

"తీశాను."

"తీస్తే మళ్లీ ఎవరు పెట్టారు? నేను వచ్చేసరికి పెట్టే ఉంది."

భార్గవన్ గోడవైపు చూశారు. ప్లగ్గు పెట్టే ఉంది. ఆయన మొహంలో ఏదో మెల్లగా జారిపోవడం గుమ్మంలోంచి ఆర్ద్రకు కనబడింది.

"నేను పెట్టలేదు. తీశాననే అనుకుంటున్నా."

"అనుకుంటే చాలదు. మొన్న గ్యాసు కట్టెయ్యడం మరిచారు, ఇవాళ ఇది. మీకు చెప్పే బదులు ఆ కొబ్బరిచెట్టుకు చెప్పుకోవడం నయం."

వరండాలో ఎవరో నవ్వారు. ఆయన కూడా నవ్వబోయి, రాక, లోపలికి వెళ్లిపోయారు. ఆర్ద్ర తేలు కుట్టిన దొంగలా పళ్లెం పట్టుకుని నిలబడిపోయింది. అమ్మా, ప్లగ్గు పెట్టింది నేను. నాలుగే మాటలు. నోటిదాకా వచ్చి ఆగిపోయాయి. ఈలోగా ముసలివాళ్లు ఒక్కొక్కరే లేచి, గొడుగులు తెరుచుకుని, పై ఊరి కేంద్రానికి బయలుదేరారు. అయిషుమ్మ మోకాళ్లు పట్టుకుని మెట్లు దిగింది.

ఆ మధ్యాహ్నం ఆర్ద్ర గదిలో కూర్చుని, నిన్న ఎవరు చదువుతారులే అని మూసేసిన ఆ అప్‌డేట్ విశేషాల పేజీని ఫోనులో వెతికి తెరిచింది. పైన రంగులూ ముస్తాబులూ ఉన్నాయి. కింద చిన్న అక్షరాల్లో, దొంగలు దూరకుండా పూడ్చిన కన్నాల వివరాలు ఉన్నాయి. వాటిలో ఒకచోట, ఇకనుంచి ఏ సైటూ అనుమతి అడగకుండా కంప్యూటరులోని పరికరాలతో మాట్లాడలేదని రాసి ఉంది. నిన్న ఆ పెట్టె అడిగింది కదా, తనే కదా వద్దంది. ఆ పరికరం వేలిముద్ర మిషనే. దానికి ఏమీ కాలేదు.

సాయంత్రం సూరజ్ రాగానే చెప్పేసింది. అతను అంతా విని తేలిగ్గా భుజం తట్టాడు. అమ్మ స్నానానికి వెళ్లినప్పుడు ఆ అనుమతి మార్చెయ్యమన్నాడు. తడి ఆరి దానంతటదే బాగైందని అనుకుంటారు, గొడవ ఉండదన్నాడు. అతను అంత ప్రేమగా చెప్తుంటే ఆర్ద్రకు అదే సబబుగా తోచింది.

మర్నాడు పొద్దున్నే అలాగే చేసింది. క్షణం పని. వత్సల వచ్చి తన బొటనవేలు పెట్టి చూసుకునేసరికి మిషను పచ్చగా వెలిగింది. ఆవిడ మొహం వికసించింది. లోపల తడి చేరి ఉంటుంది, ఆరిపోయిందంది. కొత్త మిషనుకు నిన్న ఇచ్చిన ఆర్డరు రద్దు చేసింది. టీ తాగుతూ మొగుడితో, అదృష్టం బాగుండి గట్టెక్కాం, ఇకమీదట ప్లగ్గుల సంగతి నేనే చూసుకుంటాను, బుధవారం మిమ్మల్ని డాక్టరుకు చూపిస్తానంది. ఆయన సరేనన్నారు. అంత తేలిగ్గా సరేననడం ఆర్ద్ర ఎప్పుడూ వినలేదు.

మిషను బాగైంది కానీ ఆయన బాగవలేదు. పెరట్లో బట్టలు ఆరేస్తుంటే, బావి గట్టు మీద కూర్చుని ఆయన గొణుక్కోవడం ఆర్ద్ర చెవిన పడింది. "పాలక్కాడ్, పరళి, మంకర, పత్తిరిప్పాల, ఒట్టప్పాలం..." అని ఆగిపోయారు. తల విదిల్చి మళ్లీ మొదటినుంచి అందుకున్నారు. తన పాత బస్సు రూటు. ముప్ఫై ఏళ్లు గంట కొట్టి ఆపిన ఊళ్లు. మధ్యలో లక్కిడి ఉందని ఆర్ద్రకు తెలుసు. ఆయన మళ్లీ లక్కిడి వదిలేశారు. తను అందించబోయి ఆగింది. ఆ వయసులో ఎవరైనా ఒక ఊరు మరచిపోతారు. మరచిపోయానేమో అని ఊళ్లు లెక్కపెట్టుకోవడం మాత్రం తను తెచ్చిపెట్టిన జబ్బే.

మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆకాశం నల్లబడింది. దూరంగా ఉరిమింది. భార్గవన్ అలవాటుకొద్దీ లేచి ముందుగది గుమ్మందాకా వెళ్లి, అక్కడే ఆగిపోయారు. వత్సల లోపలికి వెళ్లి ప్లగ్గులు తీసి వచ్చి, వక్క కత్తిరించుకుంటూ కూర్చుంది. ఆయన ఇంకా గుమ్మంలోనే ఉన్నారు.

"మోళే, ఒకసారి చూసి చెప్పు. తీసి ఉన్నాయా?" అన్నారు కోడలితో, కూతుర్ని పిలిచినట్టే.

"తీసే ఉన్నాయి అచ్ఛా," అంది ఆర్ద్ర. ఆమె కూడా ఆయన్ని నాన్నా అనే పిలుస్తుంది.

మళ్లీ ఉరిమింది. ఆయన వెళ్లి కుర్చీలో కూర్చుని, వెంటనే లేచారు.

"చూశావా? నిజంగా చూశావా? నా కంటికి తీసినట్టే ఉంటోంది. కానీ మొన్న కూడా అలాగే అనిపించింది."

ఆర్ద్ర చేతిలోని గిన్నె బల్ల మీద పెట్టింది. ఎదురుగా సూరజ్ వద్దన్నట్టు కళ్లతోనే సైగ చేశాడు. ఆమె అతని వంక చూడలేదు.

"మొన్న కూడా మీరు తీశారు అచ్ఛా. మళ్లీ పెట్టింది నేను."

వక్క కత్తిరిస్తున్న చప్పుడు ఆగింది.

చెప్పడం మొదలుపెట్టాక ఏదీ దాచలేదు ఆర్ద్ర. కర్టెన్లు, ఎర్రబాణం, చదవకుండా నొక్కిన పెట్టె, మార్చేసిన రంగు, పొద్దున దొంగతనంగా చేసిన మరమ్మతు. సూరజ్ సలహా సంగతి మాత్రం ఎత్తలేదు. అతనే తలవంచుకుని, ఆ పని చెయ్యమన్నది నేనే అమ్మా అన్నాడు. నాన్నకు చెప్పాలని తట్టలేదా అని వత్సల కొడుకునే ముందు దులిపేసింది. తర్వాత కోడలి వైపు తిరిగింది.

"మిషను పాడుచేశావు, సరే. పిల్లవు, కొత్తదానివి. అరగంట తిట్టి ఊరుకునేదాన్ని. నేను నలుగురిలో ఈ మనిషిని అన్ని మాటలంటుంటే పుట్టు పళ్లెం పట్టుకుని విన్నావే, అదెలా చేతనైంది నీకు?"

ఆర్ద్రకు ఏడుపొచ్చింది. "భయమేసిందమ్మా. ఒక్కరోజు దాటాక ఇంకా ఎక్కువైంది," అంది.

వత్సల ఇంకా ఏదో అనబోయి మొగుడి వంక చూసింది. ఆయన ఈ గొడవేదీ వింటున్నట్టు లేరు.

"వైరు ఎలా ఉంది?" అన్నారు కోడలితో.

"చుట్టి బల్ల మీద పెట్టి ఉంది అచ్ఛా. చివర ముడి వేసి."

"ముడి వేశాను," అన్నారాయన. రెండు చేతులూ గాలిలోనే ఆ ముడి వేశాయి. "అవును, వేశాను. పిల్లి లాగుతుందని." ఆ ముసలి మొహం నిండా నెమ్మదిగా వెలుగు పరుచుకుంది. కోడలి మీద కోపం రావలసిన చోట, పోయిన వస్తువు తెచ్చిచ్చిన మనిషిని చూసినట్టు ఆమెను చూశారు. ఆయన తిట్టి ఉంటే ఆర్ద్ర తట్టుకునేది. ఆ చూపును తట్టుకోలేకపోయింది.

వత్సల వక్కలు ఎక్కడివక్కడ వదిలేసి లేచింది. మొగుడి పక్కన నిలబడి కాసేపు ఆయన చొక్కా భుజం మీద లేని దుమ్మును దులిపింది. "నేనైనా నమ్మాల్సింది," అంది. "ముప్ఫై ఐదేళ్లుగా చూస్తున్నా. ఒక్క మాట అడిగి నమ్మి ఉండాల్సింది."

"డాక్టరు దగ్గరికి వెళ్దాంలే," అన్నారాయన. "మరచిపోయినవి వేరే ఉన్నాయి వత్సలా. గ్యాసు నేనే మరిచాను. కానీ ఇది మాత్రం కాదు."

ఆ సాయంత్రం వత్సల కోడల్ని కంప్యూటరు ముందు కూర్చోబెట్టింది. పాత బ్రౌజరే మళ్లీ తెచ్చిపెట్టమంది. ఆర్ద్ర భయపడుతూనే వద్దంది. పాతదానిలో కన్నాలున్నాయి, ఊరందరి వివరాలూ అందులోంచే పోతాయి, కొత్తదే మంచిదని చెప్పింది. వత్సల కుర్చీ దగ్గరికి లాక్కుంది. అయితే ఆ విశేషాల పేజీ మొదటినుంచి చివరిదాకా చదివి వినిపించమంది. ఆర్ద్ర చదివింది. ఆవిడ మధ్యమధ్య ఆపి అడిగింది. ఇకనుంచి అప్‌డేట్ వచ్చిన ప్రతిసారీ ఇలా ఇద్దరం కూర్చుని చదివాకే నొక్కాలని తీర్మానించింది. ఆఖరున, ఆ గులాబీ రంగేదో ఒకసారి చూపించమంది. ఆర్ద్ర కళ్లు తుడుచుకుని చూపించింది. బాగానే ఉంది, ఉండనియ్యి అంది వత్సల.

"ఇంకో పని మిగిలింది," అంది లేస్తూ. "నేను అన్నది వరండాలో, జనం ముందు. ఇంట్లో సర్దుకుంటే అది పోదు."

మర్నాడు పొద్దున అయిషుమ్మతో సహా మొన్నటివాళ్లలో చాలామంది మళ్లీ వచ్చారు. పై ఊళ్లో వరస పెద్దదట, పని కాలేదట. వత్సల తలుపు తీసి, పని మొదలుపెట్టకుండా కోడలి చెయ్యి పట్టుకుని వరండాలోకి తీసుకొచ్చింది. మొదటిమాట ఆవిడే అంది. మొన్న ఆయన్ని ఊరికే అన్నాను, తప్పు నాదంది. ఆ తర్వాత కోడలి చెయ్యి వదిలి, అక్కడే నిలబడింది.

ఆర్ద్రకు అంతమంది ముసలికళ్లు తనమీదే ఉన్నట్టు తోచింది.

"మొన్న మామగారు ప్లగ్గు తీశారు," అంది. "నేను పెట్టాను. మిషను ఆగింది నావల్ల. మీ అందర్నీ తిప్పి పంపింది కూడా నావల్లే."

అయిషుమ్మ బోసినోటితో నవ్వింది. "ఏదైతేనేం, మా వయసు వాళ్లది కాదు తప్పు. అది చాలు," అంది. చుట్టూ ఉన్న ముసలివాళ్లు నవ్వారు. ఈసారి ఆ నవ్వు ఎవరినీ గుచ్చలేదు.

ఇంటి పక్కన జామచెట్టు కింద భార్గవన్ రేడియో పెద్దగా పెట్టుకుని, ఇటు వీపు చేసి పేపరు చదువుతున్నారు. ఏమీ పట్టనట్టే కూర్చున్నారు. ఆయన చెయ్యి మాత్రం మెల్లగా వెళ్లి రేడియో గొంతు తగ్గించింది.

ఆర్ద్ర అది చూసింది. గొంతు సవరించుకుని, ఆయనకు వినబడేలా, మళ్లీ మొదటినుంచి చెప్పింది.